లేబుల్ గది పరీక్ష

మా మాంసం కంపెనీ బస్సులో కత్తక్క గురించి ఒక మాట తిరుగుతోంది. కంపెనీ కత్తిని అన్నం సంచిలో దాచి ఇంటికి పట్టుకెళ్లిందట. ఇంగ్లీషు పుస్తకం చించాడని మొగుడి తల రెండు చెక్కలు చేసిందట. చెప్పేవాళ్లు గాల్లో చెయ్యి నరికి మరీ చూపిస్తారు. నేను వెనక సీట్లో కూర్చుని వింటూ ఉంటాను.

కత్తక్క పన్నెండేళ్లు కోత హాల్లో పనిచేసింది. కొక్కేనికి వేలాడుతూ వచ్చే పశువును బల్ల మీదికి లాగి, కీలు ఎక్కడుందో వేలితో తడిమి, ఒక్క దెబ్బకి కాలు విడదీసేది. ఆ చలికి, ఆ పనికి కుడి మణికట్టు వాచిపోయింది. ఇంకో ఏడాది కత్తి పడితే చెయ్యి దక్కదన్నాడు డాక్టరు. ఆమెకి మిగిలింది పెట్టెలకి ఇంగ్లీషు చీటీలు రాసి అంటించే లేబుల్ గది ఒక్కటే. అందులోకి వెళ్లాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయాలి. ఒకటుంటే ఏమనాలి, ఎక్కువుంటే ఏమనాలి, మొత్తం ఇరవై మాటలు. ఒక్కటే అని రాసిన పెట్టెలో నలభై కాలేయాలు దొరికాయని ఒకసారి పై దేశం రేవులో సరుకంతా వెనక్కి కొట్టారు. అప్పటినుంచీ ఈ పరీక్ష పెడుతున్నారు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను గానీ ఆ పాఠం గుర్తుంది. మధ్యాహ్నాలు బట్టలు మార్చుకునే గదిలో చెప్పేదాన్ని.

"చివర ఎస్ పెడితే చాలక్కా. హార్ట్, హార్ట్స్."

"పశువుకి గుండె ఒక్కటేగా. రెండోది ఎక్కణ్ణించి తెస్తావే?"

"పెట్టెలో నలభై ఉంటాయి కదక్కా."

"అంటే నలభై పశువులు చస్తే గానీ నీ ఎస్ రాదన్నమాట!"

నైఫ్‌లో ఎఫ్ తీసేసి వి పెడితే నైవ్స్ అవుతుందంటే ఇట్టే పట్టేసింది. ఎముక తీసి కొవ్వు కూరడం లాంటిదేగా అంది. ఫుట్‌కి మాత్రం ఎస్ రాదు, ఫీట్ అవుతుందంటే కోపమొచ్చింది. "దీనికేం రోగం?" అంది.

ఆమె భర్త మా కంపెనీలోనే చల్లగదిలో పెట్టెలు మోస్తాడు. అదే పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు. "నాకు రానిది నీకొస్తుందటే?" అని మొదట నోటుపుస్తకం చించాడు. ఆమె ఇంకోటి కొనుక్కుంది. దాన్ని పొయ్యిలో పెట్టి, బెల్టు తీశాడు. వీపు మీద చారలు కనిపించకుండా ఆమె గోడకి ఆనుకుని బట్టలు మార్చుకునేది.

ఒక సోమవారం మూతి వాచి వచ్చింది. నా ముందు గుప్పిట తెరిచింది. లోపల పన్ను.

"ఇది టూత్. పక్కది కూడా కదులుతోంది. అదీ ఊడితే టీత్, అంతేనా?"

"అంతేనక్కా" అన్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే ఆమెను పిలవడానికి వెళ్లాను. తలుపు వేసి ఉంది. కిటికీలోంచి చూశాను. అతను ఆమె కుడి చేతిని వంటగది గడప మీద చాపి, మోచెయ్యి మీద బూటుకాలు వేసి తొక్కిపట్టాడు. చేతిలో సుత్తి.

"ఈ చేత్తోనేగా రాస్తావు? రాయవే, చూద్దాం."

మొదటి దెబ్బకి చిటికెన వేలు చితికిపోయింది. ఆమె అరిచింది. నేను కిటికీ చువ్వలు పట్టుకుని అక్కడే ఉండిపోయాను. అతని తల్లి లోపల పొయ్యి దగ్గరుంది. గోడ పట్టుకుంటే గానీ లేవలేని మనిషి.

"ఒరేయ్, ఆ చెయ్యే కదరా మనకింత అన్నం పెడుతోంది. వదలరా."

"నువ్వు నోర్ముయ్."

సుత్తి మళ్లీ పైకి లేచింది. అంతలో ఇనుము మోగింది. అతను గడప మీద బోర్లా పడ్డాడు. చెవి వెనకనుంచి నెత్తురు కారి గచ్చు మీదికి పాకింది.

కత్తక్క కాసేపటికి తలుపు తీసింది. చేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది. "పక్కింటివాళ్లని పిలిచి ఇతన్ని ఆస్పత్రికి పంపు. నేను నడుస్తుంటాను, వచ్చి కలుసుకో" అంది.

తువ్వాలు తడిసి ఎర్రబడుతుండగా, మిగిలిన మూడు వేళ్లతో, బొటనవేలితో పెన్ను పట్టుకుని రాసింది. ఇరవైకి పదిహేడు. ఇప్పుడు లేబుల్ గదిలోనే ఉంది.

ఆ సాయంత్రం పోలీసులు వస్తే, "నేనే కొట్టాను" అంది. చితికిన వేలు చూసి, రెండు రోజులుంచుకుని వదిలేశారు. భర్త పద్దెనిమిది కుట్లతో బతికాడు. అడిగితే అతనూ పెళ్లామే కొట్టిందన్నాడు. తర్వాత అన్న దగ్గరికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

కొట్టింది అత్తగారు. ఇనప పెనంతో, రెండు చేతులతో ఎత్తి. అప్పుడు కత్తక్క చెయ్యి ఇంకా అతని బూటు కిందే ఉంది.