బావ నేసిన తుండుకు జరీ ఎక్కిన సంగతి

పళ్ళికొండలో హైవే పక్కన ఒక టిఫిన్ హోటలు ఉండేది. దాని మిద్దె వేసింది నేనే. పైన కాంక్రీటు సగంలో ఉండగా, కింద కలిపే మిషను ఇంజన్ బిగుసుకుపోయింది. మిద్దె కాంక్రీటు మొదలుపెట్టాక ఆగకూడదు. ఆగితే ఆరిన ముద్దకూ కొత్త ముద్దకూ మధ్య అతుకు పడుతుంది. ఆ తర్వాత ఏ వాన పడినా ముందుగా ఆ అతుకునే వెతుక్కుంటూ వస్తుంది. ఆ ఇంజన్ నాది కాదు, బాడుగది. ఈ మాట హోటలాయనకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. నేను టీకి పోయినప్పుడల్లా, బల్లలన్నీ ఖాళీగా ఉన్నా సరే, సరిగ్గా ఆ అతుకు కిందికే నడిపించేవాడు.

"నీ మిద్దె కిందనే కూచో మేస్త్రీ. వానొస్తే నీ టీలోకి నీళ్ళు నేను పొయ్యాల్సిన పని లే" అనేవాడు.

నాలుగు కాసులు చేతిలో ఆడగానే సొంత ఇంజన్ కొనడానికి ఈ అవమానమే కారణం. ఆర్కాడులో ఒక రైసుమిల్లు వాళ్ళు మూలన పడేసిన ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్ అది. దాన్ని పూర్తిగా విప్పి, అరిగినవన్నీ మార్చి, కొత్తదానిలా బిగించి ఇవ్వమని వేలూరులో ఒక వర్క్‌షాపులో ఇచ్చాను.

అవి పరదేశం సరుకులకు దేశం తలుపులు తెరిచారని పేపర్లు రోజూ రాసే రోజులు. పేపరు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు వీధుల నిండా ఉన్నారు. తెలుగు అక్షరం చదివేవాళ్ళను మాత్రం దీపం పెట్టి వెతకాలి. నేను బళ్ళో నేర్చుకున్నది అరవం, అదీ అరకొర. పరదరామి వైపు పనికి పోయినప్పుడు చిత్తూరు బస్సుల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు పట్టుకున్నాను. ఆ తర్వాత బోండాలు చుట్టి ఇచ్చిన పేపర్లు విప్పి చదివాను. దేశ ఆర్థిక విధానమంతా నేను నూనె మరకల సందుల్లోనే చదివాను. నాకు చదువు లేదనేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. వాళ్ళు పేపరు కొని చదివారు, నేను తిని చదివాను. అంతే తేడా.

తలుపులు తెరిచినందువల్ల వేలూరు వర్క్‌షాపుకు జరిగిన మేలు ఏమిటంటే, గోడకు విదేశీ పేర్ల నూనె డబ్బాలు రంగురంగులుగా వచ్చాయి. తోలు ఫ్యాక్టరీలకు పరదేశం ఆర్డర్లు పెరిగి, వాళ్ళ జనరేటర్లు మరమ్మతుకు బారులు తీరాయి. ముదలాళికి, అంటే షాపు యజమానికి, ఊపిరి తీసుకునే తీరిక లేదు. మా తెలుగువాడే. నుదుట విభూతి, చేతికి బరువైన గడియారం. పచ్చరంగు నిగనిగలాడుతున్న ఇంజన్‌ను నాకు అప్పగిస్తూ, "గుండెకాయ కొత్తది పెట్టిచ్చినా మేస్త్రీ. నీ మనవడు కూడా దీంతోనే కాంక్రీటు కలుపుతాడు చూడు" అన్నాడు.

నాకు పళ్ళికొండ గుర్తొచ్చింది. అక్కడ బిగుసుకుపోయిన ఇంజన్ విప్పినప్పుడు కారణం కళ్ళారా చూశాను. ఇంజన్ లోపల తిరిగే క్రాంకు ఇరుసుకు సన్నటి నూనె దారులుంటాయి. ఆ ఇరుసును సాన పట్టినప్పుడు రాలిన పొడి వాటిలోకి పోతుంది. దారుల మూతలు విప్పి కడగకపోతే, ఆ పొడి నూనెతో కలిసి బయటికొచ్చి కొత్త బేరింగును కొరుక్కు తింటుంది.

"క్రాంకు మూతలు విప్పి కడిగినారా?" అని అడిగాను.

"అన్నీ అయినాయప్పా. నువ్వు సిమెంటు చూసుకో, ఇనుము మేము చూసుకుంటాం."

నలుగురి ముందర అన్నాడా మాట. విని ఇంజన్‌ను బండి ఎక్కించుకున్నాను. అయితే నేను దేన్నీ మరిచిపోను.

ఆ ఇంజన్ మొదట చెయ్యాల్సిన పని మా అక్క ఇంటి మిద్దె. గుడియాత్తంలో అక్కావాళ్ళది మగ్గం బతుకు. బావ లుంగీలు నేస్తాడు. పాత పెంకుటింట్లో వాళ్ళది గుంట మగ్గం. వానాకాలం వస్తే గుంటలోకి నీళ్ళు ఊరతాయి. బావ మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టుకుని నెయ్యాలి, లేదంటే నేత మానుకుని కూర్చోవాలి. పక్కన కొత్త ఇంటికి గోడలు లేచాయి. దాని మీద మిద్దె పడితే మగ్గం అందులోకి మారుతుంది. కానీ శుభకార్యాలకు పనికిరాని ఆడి నెల పుట్టిందంటే అక్క మిద్దె వెయ్యనివ్వదు, అది తప్పితే వానలు. ఆడికి ముందు మంచిరోజు ఒక్కటే మిగిలి ఉంది. సెంట్రింగు పలకలు, కింద సరుగుడు కట్టెలు, పైన ఇనుప కమ్మి అల్లడం, అన్నీ సిద్ధం. ఆ రోజు దాటితే బావ కాళ్ళు ఇంకో వానాకాలం నీళ్ళలోనే.

మంచిరోజుకు ముందే ఇంజన్‌ను అక్కావాళ్ళ స్థలంలో దింపి, ఒక పూట వట్టిగా తిప్పి చూశాను. చక్కగా పాడింది. ఆపి నూనె దించాను. వడకట్టడానికి గుడ్డ కావాలంటే అక్క లోపలి నుంచి ఒక తెల్ల తుండు తెచ్చిచ్చింది. బావ తన కోసం తీరిక చేసుకుని నేసుకున్నదని ఇచ్చేటప్పుడు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నూనె దిగిపోయాక తుండును ఎండలో పరిచాను. తళతళలాడింది. బట్ట నిండా సన్నటి ఇనుప రజను, మధ్యమధ్యలో గోరుతో గీకిన వెండిలాంటి పొలుసులు. అప్పుడే బావ మగ్గం దిగి వచ్చాడు. తన తుండును గుర్తుపట్టాడు. తిట్టడానికి నోరు తెరిచి, వంగి చూసి, నోరు మూసుకున్నాడు.

"దీంట్లో జరీ వేసిందెవురు?"

"ఇంజను వేసింది బావా."

"నేను ఇన్నేండ్లుగా లుంగీలు తప్ప వేరే నెయ్యలా. ఇది ఒక్క పూటలో జరీ ఎత్తిందే. దీన్ని మగ్గం కాడ కూచోబెట్టు బామ్మర్దీ, నేనొచ్చి కాంక్రీటు కలుపుతా."

అక్క నవ్వలేదు. "జరీ సంగతి ఉండనీరా. ఆడి లోపల మిద్దె పడతాదా, పడదా?"

పాత రేడియో స్పీకరు అయస్కాంతం తెచ్చి తుండు మీద ఆడించాను. రజను దానికి అంటుకుంది, పొలుసులు అంటుకోలేదు. అంటనివి ఇనుము కావు, కొత్త బేరింగు మీది మెత్తలోహం పొరవి. ఇనుప పొడి దాన్ని నమలడం అప్పుడే మొదలుపెట్టింది. ఈ ఇంజన్‌తో మిద్దె మొదలుపెడితే మధ్యలో ఆగడం ఖాయం. పళ్ళికొండ అతుకు నా తీరని బాకీ, అది ఎట్లాగో మోస్తున్నాను. అక్క నెత్తి మీద ఇంకొక అతుకు పెట్టి, దాని కింద కూర్చుని అన్నం తినడం నా వల్ల కాదు.

"పోయి నాలుగు తిట్లు తిట్టొద్దాం పా" అన్నాడు బావ.

తిడితే ఏమవుతుందో నాకు తెలుసు. కొత్త ఇంజనంటే అంతేనప్పా అంటాడు. మనం గొంతు పెంచితే గడియారం చూసుకుంటాడు.

"తిట్టొద్దు బావా. బట్టలు పెడదాం" అన్నాను.

మా కట్టుబడి పనుల్లో ఒక మర్యాద ఉంది. పని బాగా చేసిన మేస్త్రీకి ఇంటివాళ్ళు పళ్ళెంలో తాంబూలం, కొత్త బట్ట పెట్టి, హారతిచ్చి, అందరి ముందర అప్పగిస్తారు. బావకు సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అయ్యాక ఆయన్ను ఆపడం కష్టమైంది. తుండు ఆరాక మెరుపు లోపలికి వచ్చేటట్టు మడతపెట్టి, నాలుగు మూలలా పసుపు రాసింది ఆయనే. కర్పూరం నాలుగు బిళ్ళలు చాలంటే, పొట్లం మొత్తం కొన్నదీ ఆయనే.

బస్సులో పళ్ళెం ఒడిలో పెట్టుకుని కూర్చున్నాం. కండక్టరు చూసి, "పెండ్లి యాడప్పా?" అన్నాడు.

"పెండ్లి కాదు నాయనా, ఇంజనుకు సీమంతం. కడుపులో ఏముండాదో చూసే వస్తా ఉండాం" అన్నాడు బావ, ముఖం కదలకుండా.

వర్క్‌షాపు నిండా జనం. జనరేటరు కోసం వచ్చిన తోలు ఫ్యాక్టరీ మనిషి ఒకాయన, బోరు పంపుల రైతులు, లారీ డ్రైవర్లు. ముదలాళి మా పళ్ళెం చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంది మేస్త్రీ ఇది?"

"మీ పనికి బట్టలు పెట్టి పోదామని వచ్చినాం."

ఆయన ముఖం వెలిగిపోయింది. పనివాళ్ళను పిలిచాడు. చేతులు తుడుచుకున్నాడు. తోలు ఫ్యాక్టరీ ఆయన వైపు తిరిగి, "చూసినారా సార్, మన పనంటే ఇట్లా ఉంటాది" అన్నాడు. దేవుడి పటాల కింద నిలబడి, వినయంగా రెండు చేతులూ చాచాడు. బావ తుండు అందించాడు. బట్ట పెట్టినప్పుడు విప్పి చూడడం మర్యాద. ఆయన మర్యాద తెలిసినవాడే. విప్పాడు.

అంతా చూశారు. పైన ట్యూబులైటు వెలుగు దాని మీద పడుతోంది. లారీ డ్రైవరొకడు, "ఆహా, పట్టు బట్ట" అన్నాడు.

ముదలాళి ముక్కుకు నూనె వాసన తగిలింది. తుండు మడిచెయ్యబోయాడు.

"విప్పే ఉంచప్పా. నా నేత అది, జరీ మాత్రం నీది" అన్నాడు బావ.

"కొత్త ఇంజనంటే రవ్వంత ఇట్లా వస్తాది మేస్త్రీ. చుమ్మా, ఊరికే భయపడబాకండి."

"మాకేం భయం లే. హారతి మిగిలి ఉండాది" అని నేను కర్పూరం వెలిగించాను. "నూనె దారుల మూతలు విప్పి కడిగినా అంటివి. ఆ మాటే చెప్పి కర్పూరం కొట్టు. మొక్కేసి పోతా ఉంటాం."

మండే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి సత్యం చెయ్యడం మా వైపు అందరికీ తెలిసిందే. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడతారు గానీ, ఆ చెయ్యి అంత తొందరగా దిగదు. ముదలాళి చెయ్యెత్తాడు. పటాల వైపు చూశాడు, మా వైపు చూశాడు. చెయ్యి అక్కడే ఉంది. కర్పూరం బిళ్ళ చిన్నదవుతూ వచ్చింది.

అప్పుడు తోలు ఫ్యాక్టరీ ఆయన నిదానంగా, "మా జనరేటరుకు కడిగినావా?" అన్నాడు.

"నా పంపు ఇంజనుకో?" అన్నాడు ఒక రైతు.

"అన్నా, కర్పూరం ఇంకా ఉండాదా?" అని లారీ డ్రైవరు బావను అడిగాడు.

బావ పొట్లం తీశాడు. పొట్లం మొత్తం కొన్నందుకు బస్సులో నేను ఆయన్ను ఏమన్నానో ఆ క్షణమే మరిచిపోయినట్టు నటించాను. గుళ్ళో ప్రసాదం పంచినట్టు ఆయన ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిళ్ళ పెడుతూ పోయాడు. "తొందర లేదు నాయనా, వరసగా రాండి. ముదలాళికి ఉండేది రెండు చేతులే" అన్నాడు.

ముదలాళి ఎత్తిన చెయ్యి దించి, చొక్కాకు తుడుచుకున్నాడు. అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించి, "ఇంజను యాడుండాది?" అన్నాడు. నాకు కావాల్సింది ఆ ఒక్క ప్రశ్నే.

తన టెంపోనే పంపి ఇంజన్‌ను తెప్పించుకున్నాడు. మా కళ్ళ ముందరే క్రాంకు మూతలు విప్పించాడు. పుల్ల పెట్టి తిప్పితే బూడిదరంగు ముద్ద బయటికొచ్చింది. బావ దాన్ని వేలితో తీసుకుని, "పండ్లపొడి బాగా నూరినావప్పా" అన్నాడు. ముదలాళి పైకి చూడలేదు. దారులన్నీ కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి, ఇంకో బేరింగు వేసి బిగించాడు. తిప్పి, నూనె దించి, నేను అడగకముందే, "వడకట్టేదానికి తెల్లబట్ట తెచ్చినావా మేస్త్రీ?" అన్నాడు. తెచ్చాను. ఈసారి తెచ్చింది బావ వాడి పక్కన పెట్టిన ఇంకో తెల్ల తుండు. దానికి నూనె మరక తప్ప ఏమీ అంటలేదు.

అనుకున్న మంచిరోజుకే మిద్దె వేశాం. ఆ పొద్దున, పిలవకుండానే ముదలాళి గుడియాత్తం వచ్చాడు. ఇంజన్ పక్కన ఒక ఇటుక మీద కూర్చుని, దాని మీద చెయ్యి పెట్టుకుని, జ్వరం వచ్చిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. మధ్యలో ఒకసారి లేచి, కంకర తక్కువ పడుతోందేమోనని బాండలి లోపలికి తొంగి చూశాడు.

ఆ అవకాశం కోసం నేను ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నానో. "నువ్వు ఇనుము చూసుకో ముదలాళీ, సిమెంటు మేము చూసుకుంటాం" అన్నాను. మిద్దె మీద ఉన్న కూలీలందరికీ వినపడేటట్టే అన్నాను. ఆయన పోయి మళ్ళీ ఇటుక మీద కూర్చున్నాడు.

కాంక్రీటు ఎక్కడా ఆగలేదు. పొద్దు వాలకముందే చివరి బాండలి పైకి చేరింది. అక్క మెట్ల దగ్గర నిలబడి మిద్దెను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంది. అతుకు అన్నది లేదు. ఆ ఏడాది వానల్లో బావ పొడి కాళ్ళతో నేశాడు. నీళ్ళు లేక కాళ్ళకు ఏమీ తోచడం లేదని నా మీదే గొణిగేవాడు.

మిద్దె వేసిన ఆ సాయంత్రం అక్క నిజంగానే పళ్ళెం సర్దింది. తాంబూలం, అరటిపండ్లు, బావ నేసిన కొత్త లుంగీ. మొదట నాకు పెట్టింది. తర్వాత ముదలాళికి పెట్టింది. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. మర్యాద ప్రకారం విప్పాడు. విప్పినవాడు మడవకుండా, లుంగీని పడమటి ఎండకు ఎత్తిపట్టి, ఈ వైపూ ఆ వైపూ తిప్పి తిప్పి చూడసాగాడు.

"జరీ లేదులేప్పా, కట్టుకో" అన్నాడు బావ.