ఈశాన్యం మూలన ఇంటర్నెట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇంటి గోడకు రంధ్రం పెట్టి చూడు అని కూడా హెచ్చరించి ఉంటే, నా హేతువాదం మమ్మల్ని కొత్తగూడ నుంచి నార్సింగికి తరిమి ఉండేది కాదు. నవ్వండి, అభ్యంతరం లేదు. ఈ విషయంలో నవ్వే హక్కు లేనివాణ్ని నేనొక్కణ్నే.

అప్పట్లో మూఢనమ్మకాల మీద సభల్లో ఉపన్యాసాలిచ్చే ఊపు నాది. ఇంటికి ఇంటర్నెట్టు పెట్టించాల్సి వచ్చింది. ప్రకటనలో కనిపించే నెల ధర కూడా ఒక మూఢనమ్మకమేనని తేల్చాను. పన్ను, బిగింపు చార్జీ, రౌటర్ డిపాజిట్, ఆఫర్ ముగిశాక పెరిగే ధర అన్నీ కలిపి కంపెనీలను ఒక్కొక్కటిగా బోనెక్కించాను. రెండేళ్ల సొమ్ము ముందే కట్టే ప్లానే చవకని తీర్పు చెప్పాను.

"ఇంటి అగ్రిమెంటు పదకొండు నెలలేగా, వచ్చే నెలతో అయిపోతుంది. నెట్టు రెండేళ్లకెందుకండీ?" అంది మా ఆవిడ సుజాత. ఆఫీసుకు నడిచి వెళ్లగలిగే ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం.

"ఓనరు మనల్నెందుకు పొమ్మంటాడు? కారణం లేకుండా ఏదీ జరగదు సుజాతా!"

కారణాన్ని నేనే తయారుచేశాను.

"వంటింటి దిక్కు నుంచి తెస్తే వైరు ఎక్కువ పడుతది సార్, దానికి వేరే పైసలు. గీ మూల నుంచైతే ఫ్రీ," అన్నాడు లైను బిగించడానికి వచ్చినతను.

"కొట్టు!" అన్నాను. నా లెక్కలో లేని ఖర్చు ఎలా పడుతుంది?

డ్రిల్లు చప్పుడుకు కింది అంతస్తులో ఉండే ఓనరు యాదగిరి గారు మెట్లెక్కి వచ్చారు.

"ఏంది సారూ! పొయ్యి పొయ్యి ఈశాన్యానికి బొక్క కొట్టిస్తివి?"

"గోడకు దిక్కులుండవండీ, ఇటుకలుంటాయి."

"నీ ఇటుకలు నీ దగ్గర పెట్టుకో. జర సిమెంటు పెట్టి మూయించు. వంటింటి దిక్కు నుంచి తెచ్చుకో, వైరు పైసలు నేనిస్త."

బుద్ధున్నవాడెవడైనా అక్కడ సరేననేవాడు. సుజాత వెనక నుంచి నా చొక్కా లాగుతూనే ఉంది. నేను మాత్రం మైకు దొరికినవాడిలా గొంతు సవరించుకున్నాను. వాస్తుకు ఋజువు చూపించమన్నాను. ఈశాన్యం చెడి ఏడ్చిన గోడను ఒక్కదాన్ని చూపించమన్నాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"మంచిగ చెప్పినవ్ సారూ. వచ్చే నెల అగ్రిమెంటు అయిపోతది గద? ఇగ కొత్తది రాయను."

నార్సింగిలో ఆ కంపెనీ లైను లేదు. కట్టింది వాపసు ఇవ్వరు. కోపంలో రౌటర్‌ను కూడా కొత్తగూడలోనే వదిలేశాను. సుజాత రోజూ ఆటోలు మారి ఆఫీసుకు వెళ్తూ నాతో మాటలు మానేసింది. ఆ ఆటోల ఖర్చు కలిపితే లోకంలోకెల్లా ఖరీదైన ప్లాను నాదే.

కొన్నాళ్లకు కొత్తగూడ చౌరస్తాలో యాదగిరి గారు ఎదురుపడి నా చేతులు పట్టుకున్నారు.

"సారూ, నీ నెట్టు మస్తు వస్తుంది!"

"రంధ్రం మూయించలేదా?"

"మూయించెటోన్నే. పంతులొచ్చి చూసిండు. ఈశాన్యం తెరుసుకుంటే అడగకుంటనే లాభమొస్తదన్నడు. నేను నమ్మలే సారూ, నీ తీరుగనే ఋజువేదని అడిగిన. ఇగ చూస్తే, ఋజువు రెండేండ్లకు నువ్వే కట్టిపోయినవ్!"

అందుకే పాఠకులారా, పన్ను, డిపాజిట్, వైరులతో పాటు ఇంటి ఓనరు నమ్మకాన్నీ నా నోటి దూకుడునూ కలపనిదే ఏ ప్లానూ చవకని ఇక ఈ జన్మలో తీర్పు చెప్పను. ఒట్ల మీద నాకు నమ్మకం లేదు. సుజాతకు ఉంది. వేయించుకుంది.