మచ్చ లేని నల్ల కుక్క

నేను స్టూడెంట్‌గా కెనడాలోని మిల్టన్‌లో ఉన్నప్పుడు, నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఓనరు అంకుల్‌కి మూగజీవాలంటే ప్రాణమని అందరూ అనేవారు. ఆ మాట మొదలుపెట్టింది ఆయనే.

ఆయన ఉద్యోగం పోయినప్పుడు, శనిదోషం వదలాలంటే మచ్చ లేని నల్ల కుక్కను సాకమని సిద్ధాంతి ఫోన్లో చెప్పాడట. వెంటనే నన్ను తీసుకుని జంతువుల షెల్టర్‌కు వెళ్లాడు. ఒక్క తెల్ల వెంట్రుకైనా ఉందేమోనని కుక్క పాదాలెత్తి చూస్తుంటే, అక్కడి అమ్మాయి అది ప్రేమనుకుని కళ్లు తుడుచుకుంది. ఆయన శానిటైజర్‌తో చేతులు తుడుచుకున్నాడు.

శనివారం రొట్టె ముక్క మాత్రం ఆయన విసిరేవాడు. మిగతా తిండీ, మంచులో తిప్పడమూ నా వంతు.

కొత్త ఉద్యోగం రాగానే, అలర్జీ అని చెప్పి కుక్కను షెల్టర్‌లో తిరిగిచ్చేశాడు. కారెక్కి మళ్లీ శానిటైజర్ రుద్దుకుంటూ, "మొత్తానికి శని వదిలిందిరా" అన్నాడు.

"అవునంకుల్, కుక్కకి వదిలింది" అన్నాను.