మాస్టర్ సాబ్, ఉలుకూ పలుకూ లేని ప్రింటర్

మా మాస్టర్ సాబ్ మొన్న పొద్దున నల్లగొండ దవాఖానలో పోయారు. మీలో చాలామందికి ఆయన ఉర్దూ బడిలో సైన్సు చెప్పిన సారు. నాకు మాత్రం మా నీళ్ల సంఘం గదిలో, నా కోపానికి ఎదురుగా చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి.

సంఘం కంప్యూటర్‌లో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ వేసింది నేనే. మనుషులు పంచుకునే సాఫ్ట్‌వేరే న్యాయమైనదని కరపత్రాల్లో చదివి, పట్టుబట్టి వేశాను. మొన్నటి ఎండాకాలం, ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయిన ఒక అవ్వ అర్జీ కోసం వచ్చింది. అర్జీ తీసుకోవాల్సిన పెద్దాఫీసరు మూడింటికి జీపెక్కి హైదరాబాద్ వెళ్లిపోతాడు. పాత గుండ్రటి పిన్ను కీబోర్డు మీద అర్జీ టైపయింది. కొత్త ప్రింటర్ తీగను యూఎస్‌బీ పోర్టులో పెడితే ఉలుకూ పలుకూ లేదు. పీకాను, పెట్టాను, బల్ల గుద్దాను.

“బల్లకు ఏం దెల్వదు, దాన్ని గొట్టకు,” అన్నారు ఎదురుగా కూర్చున్న మాస్టర్ సాబ్.

“లినక్స్ మొత్తం తుడిచేసి మళ్ల ఎక్కిస్త సార్.”

“తుడిస్తే తప్పు యాడుందో ఎట్ల తెలుస్తది బేటీ? ఒకటే మార్చు. చూడు. ఎన్క ఇంకోటి.”

తీగ మార్చాం. లేదు. పక్క పోర్టులో పెట్టాం. లేదు. అందులో ఇంకో మౌస్ పెట్టి చూశారు, అదీ కదల్లేదు.

“అయితే ప్రింటర్ తప్పు గాదు,” అంటూ సాసర్‌లో చాయ్ పోసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. రెండు దాటింది.

“సిస్టమ్ లేచేటప్పుడు ఏం చెప్పిందో చదువు.”

చదివాను. యూఎస్‌బీ కంట్రోలర్ కనబడిందట, కానీ దానికి ఇంటరప్ట్ లేదట. అంటే ప్రాసెసర్‌ను పిలిచే దారే దానికి లేదు. మెషీన్ ఆపి, లినక్స్ కంటే ముందు వచ్చే బయాస్‌లోకి వెళ్లాం. యూఎస్‌బీకి ఇంటరప్ట్ ఇవ్వాలా అన్నచోట ‘వద్దు’ అని ఉంది. మార్చాం. ప్రింటర్ గుర్రుమంది.

కాగితం లాక్కుని గడప దాటబోయాను.

“అవ్వకు చదివి వినిపియ్యి.”

“టైం లేదు సార్.”

“అర్జీ ఎవలది? నీదా?”

చదివాను. అవ్వ మధ్యలోనే ఆపింది. “నీళ్ల సమస్య అంటే ఆళ్లకు ఏం సమజైతది బిడ్డా? నా మనుమని కాళ్లు వంకర వోయినయని రాయి.”

నేను గడియారం చూశాను. మాస్టర్ సాబ్ నన్ను చూశారు. రాసి, మళ్లీ ప్రింటు తీసి అవ్వ చేతికిచ్చాను.

మేమిద్దరం ముందుగా ఆఫీసు చేరేసరికి ఆఫీసరు జీపులో కూర్చున్నాడు, ఇంజిన్ మోగుతోంది. నేను అరవబోయాను. మాస్టర్ సాబ్ జీపు తలుపు పట్టుకుని, “జర ఆగుండ్రి సాబ్, అవ్వ వస్తాంది,” అన్నారు.

వెనక ఎండలో, అర్జీని రెండు చేతులా పట్టుకుని అవ్వ మెల్లగా అడుగు తీసి అడుగు వేస్తోంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆయన తలుపు వదల్లేదు.