మసకబారిన అద్దం, మా షడ్డకుడు

మా షడ్డకుడు పోయాడు. నెల కూడా కాలేదు. పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడట, అంతే. ఫోన్‌లో మా మరదలు "బావా, ఈయన లేస్తలేడు" అంది. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి ఎంత దూరం! కారులో ఐదు నిమిషాల్లో వెళ్ళాను. ఆ కారు సంగతే మీకు చెప్పాలి.

షడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. నేను ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను, అతను ఇంకో ఆఫీసులో జీపు డ్రైవరు. హోదాలో నేనే పైన. అయినా నారాయణగూడలో మా అత్తగారింట్లో మిక్సీ ఆగినా, నల్లా కారినా "చిన్నల్లుడు రానీ" అనేవారు. పక్కనే పేపరు చదువుతూ నేనుండేవాణ్ణి. కడుపు మండిపోయేది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ పోయిన మనిషి దగ్గర దాచి ఏం లాభం?

మామయ్యకు ఓ పాత కారుండేది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన నడపడం మానేసి ముందు సీట్లో నా పక్కన కూర్చునేవారు. ఆ వానాకాలం కారుకు జబ్బు చేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడి ముల్లు పైకి పోయేది. వారానికోసారి రేడియేటర్‌లో నీళ్ళు తగ్గేవి. కింద చూస్తే చుక్క ఉండేది కాదు. మెకానిక్ పైపులు మార్చాడు, థర్మోస్టాట్ మార్చాడు. నేను బిందెలతో నల్లా నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

ఆ రోజుల్లోనే మామయ్య "ముందు అద్దం మసకగుంది" అనడం మొదలుపెట్టారు. నాకూ కొంచెం మసక కనిపించేది, వాన ఆవిరి అనుకుని తుడిచేవాణ్ణి. ఆయన మాత్రం వదల్లేదు. ఆపరేషన్ పాడైందని మేమంతా కంగారుపడి మళ్ళీ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కన్ను బాగుందన్నాడు డాక్టరు. "వయసు మీద పడ్డది, చాదస్తం" అన్నాను నేను, ఆయన లేనప్పుడు నా భార్యతో. కారులో తియ్యటి వాసన వస్తోందని కూడా ఆయనే అన్నారు. మిఠాయి పాకం ఒలకబోశావని నా భార్యను తిట్టాను.

ఓ ఆదివారం పొద్దున మా షడ్డకుడు వచ్చాడు. ఎప్పుడూ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వచ్చేవాడు. "కోపం మీదున్న మనిషిని, కాగుతున్న బండిని జర ఇడిచిపెట్టాలె అన్నా" అనేవాడు. ఓసారి పొగలు కక్కుతున్న రేడియేటర్ మూత తిప్పబోతే నా చెయ్యి పట్టుకుని లాగేశాడు కూడా. కారు కింద పాత పేపర్లు పరిచి, ఇంజిన్ నడిపించి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. పేపర్లు పొడిగానే ఉన్నాయి. పానాలు, స్క్రూడ్రైవర్లు ముట్టుకోలేదు. మామయ్య దగ్గరికి వెళ్ళి, "ఏ దిక్కు మసకగున్నది మామా, చూపెట్టు" అన్నాడు.

అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగింది అతనొక్కడే. మామయ్య చోటు చూపించి ఇంట్లోకి వెళ్ళారు. అతను అక్కడ అద్దాన్ని లోపలినుంచి వేలితో రాశాడు. వేలు జిడ్డుగా జారింది. వాసన చూశాడు, తియ్యగా ఉంది. మామయ్య కాళ్ళ కింద పట్టా ఎత్తితే కార్పెట్ తడిసి ముద్దగా ఉంది.

"నీళ్ళు కింద పడ్తలేవంటే లోపలికే పోతున్నట్టు గదన్నా! హీటర్‌లకు గూడ రేడియేటర్ నీళ్ళే పోతయి, అది లీకైతున్నది. మన ఊర్ల హీటర్ ఎవడేస్తడు? అందుకే దాని దిక్కు ఎవ్వడు చూడడు."

హీటర్‌లోకి నీళ్ళు పోకుండా దాని రెండు పైపులనూ ఇంజిన్ దగ్గరే కలిపేశాడు. రేడియేటర్‌లో మళ్ళీ కూలంట్ నింపాడు, దానిదే ఆ తియ్యటి వాసన. గంటసేపు నడిపినా ముల్లు కదల్లేదు. అంతా చూసి అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

అప్పుడే మామయ్య వాకిట్లోకొచ్చి, "నా కండ్లది కాదు, బండిదే తప్పని పట్టిందెవరు?" అని అడిగారు. నా నోటినుంచి "నేనే మామా" అని వచ్చేసింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అతను నవ్వి, "అవు మామా, అన్ననే పట్టిండు. నిన్ను అడుగుమన్నది గూడ అన్ననే. నేను పైపులు బిగించిన, గంతే" అన్నాడు.

నెల తిరక్కుండా మామయ్య కారు నా పేర రాశారు. "నా మాట నమ్మినోనికే నా బండి" అన్నారు. అతను పిల్లలతో బస్సుల్లో తిరిగాడు. నా కారు మాత్రం ఏటా వచ్చి చూసిపెట్టాడు. ఆ మంచితనం చూసి బుద్ధి రావాలి కదా, నాకు ఇంకా కుళ్ళు పుట్టింది.

దినాల నాడు చిక్కడపల్లిలో అందరం భోజనాలకు కూర్చున్నాం. మామయ్య అతని ఫోటో వైపు చూస్తూ, "చిన్నోడు బంగారమే. గానీ నా కండ్ల మాట నమ్మింది మాత్రం పెద్దల్లుడే" అన్నారు. లేచి నిలబడి చెప్పేశాను. నమ్మింది అతనే, నేను మీది చాదస్తం అన్నవాణ్ణి అని.

మామయ్య నా వైపు తిరిగి, "మరి గాయనెందుకు చెప్పలే?" అన్నారు.

మరదలు తలెత్తకుండానే అంది: "నాకు గా దినమే చెప్పిండు నాయినా. అన్న చిన్నబోతడు, ఎవ్వరికి చెప్పకన్నడు."

అంటే నా కడుపుమంట అతనికి మొదటినుంచీ తెలుసు. తెలిసే కాపాడాడు. జేబులోంచి తాళం తీసి మరదలి చేతిలో పెట్టాను. తీసుకుంది. నేను నడిచి ఇంటికొచ్చాను.

మొన్న చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులోంచి వెళ్తుంటే కారు మరదలు వాళ్ళ గుమ్మం ముందు కనబడింది. కూతురికి తోడుగా వచ్చి ఉంటున్న మామయ్య ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. పక్కన స్టీరింగ్ ముందు ఎవరూ లేరు. అటు తిరిగి ఏదో చెబుతున్నారు, చెయ్యి ఊపుతూ, చిన్నల్లుడు అక్కడే కూర్చుని వింటున్నట్టు. నన్ను చూడలేదు. సందు మొదట్లోనే ఆగిపోయాను. ఆ ఖాళీ సీటును చూసి కూడా నాకు అసూయ వేసింది.