మా ఇంటికి దవాఖానా రంగు

మొన్న మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, మా ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చుంది. అలిగి కాదు. ఎందుకో చెప్తాను, నవ్వకండి.

బొగ్గుబాయిలో నౌకరీ దొరికి సిరిసిల్ల నుంచి ఈ క్వార్టర్లకు వచ్చేటప్పుడు మా అవ్వ ఒకటే మాట అంది.

"నేనొచ్చేసరికి పోరగాండ్లు చిక్కిన్రనుకో, ఇద్దర్ని తోల్కపోత. నీ నౌకరీ నువ్వు చేసుకో."

అవ్వ అన్నదంటే చేస్తుంది. ఇక్కడికి వచ్చాక నా పిల్లలు శంకర్, సరోజ అన్నం సగంలోనే వదిలేస్తున్నారు. సిరిసిల్ల మగ్గాల చప్పుడు లేక నిద్ర పట్టడం లేదట! రోజూ వాళ్ల మణికట్లు పట్టి చూసేవాణ్ని. చూసిన కొద్దీ సన్నగానే కనిపించేవి.

తప్పు గోడలదేమో అనిపించింది. బొగ్గు మసికి సున్నం నల్లబడింది. అలాంటి గదిలో ఎవరికి ఆకలేస్తుంది? దవాఖానాలో కాంపౌండర్‌ను అడిగాను.

"ఆకుపచ్చ చూస్తే పానం నిమ్మళమైతది సార్. గందుకే మాకు గీ రంగు."

ఆదివారం సున్నంలో ఆకుపచ్చ రంగు కలిపి గోడలకు పూశాను. షేడ్ తప్పకూడదని మధ్యలో దవాఖానాకు వెళ్లి ఆ గోడ మళ్లీ చూసి వచ్చాను. నేలంతా ఫినాయిల్‌తో కడిగాను. మంచం మీద తెల్ల దుప్పటి పరిచాను. బయటి దుమ్ము లోపలికి రాకుండా, చెప్పులు విడవడానికి గడప దగ్గర బెంచీ వేశాను.

మా ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఏమయ్యా, ఇగ సూదులొక్కటే తక్కువ."

ఆడుకుని వచ్చిన సరోజ గడపలోనే ఆగి రెండు చేతులూ వెనక దాచుకుంది. "బాపూ, నాకు జరం లేదు!"

శంకర్ అడక్కముందే నాలుక బయటపెట్టి చూపించాడు.

ఆనాటి నుంచి ఇద్దరూ లోపల ముద్ద ముట్టలేదు. పక్క క్వార్టర్ పిల్లలతో కలిసి వాళ్ల వరండాలోనే తిండి, అక్కడే నిద్ర. మా ఇంటామె కూడా అటే చేరింది. రంగు మంచిదని రుజువు చేయడానికి నేనొక్కణ్నే లోపల తిన్నాను. ఫినాయిల్ వాసనకు ముద్ద దిగేది కాదు. అయినా తిన్నాననే అనిపించుకున్నాను.

అవ్వ వచ్చింది. చెప్పులు విడిచి, మూట ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నేను మంచం మీది నుంచి లేచాను.

"లోపలికి రా అవ్వా!"

"డాక్టరు పిలువనీ కొడకా. ఎట్లాగూ వచ్చిన గదా, మోకాళ్లు గూడ చూపించుకుంట. నీ పేరు చెప్తే గీడికి తోలిన్రు. నువ్వు గిట్ల దవాఖానల పడ్డవని ఒక్కలు చెప్పకపోతిరి!"

"ఇది మన ఇల్లే అవ్వా."

అవ్వ గోడలు చూసింది. తర్వాత నన్ను చూసింది. పక్క వరండాలోకి వెళ్లి పిల్లల బుగ్గలు పట్టింది. నేనూ వెనకే వెళ్లాను.

"పోరగాండ్లు మంచిగనే ఉన్నరు. కండ పట్టిన్రు."

హమ్మయ్య అనుకునేలోపు నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వే చిక్కిపోయినవ్. బట్టలు సదురుకో."

రేపు పొద్దున బస్సుకు నేనూ అవ్వా సిరిసిల్లకు పోతున్నాం. పిల్లలు టాటా చెప్తామన్నారు. వరండాలో నుంచే.