పోలింగ్ ముందురోజు జాకెట్ ముక్కలు

కోరుట్లలో మా అక్క ఆ రోజు సాయంత్రం పెళ్లయిన తన బిడ్డకు ఒడిబియ్యం పోస్తోంది. వచ్చే ముత్తైదువలకు బొట్టు పెట్టి ఇవ్వడానికి జాకెట్ ముక్కలు కావాలి. అవి సిరిసిల్లలో మగ్గాల దగ్గర చవక. మర్నాడు పోలింగ్ అని తెలిసే బయలుదేరాం. ప్రచారం బంద్ కాబట్టి రోడ్డు ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను.

ఉదయం జగిత్యాలలో బస్సెక్కితే గంటలోపే కోరుట్ల. అక్కను వెంటబెట్టుకుని వేములవాడ బస్సు, అక్కడి నుంచి సిరిసిల్లకు షేర్ ఆటో. బస్సులో అక్కకు ఫ్రీ, నాకు టికెట్. దారి పొడవునా ఒక్క మైకు మోగలేదు. బస్సులో మాత్రం ముందు సీట్లకూ వెనక సీట్లకూ ఎవరిని గెలిపించాలో వాదన. కండక్టర్ విసుక్కున్నాడు: "మైకులు బంద్ చేసిండ్రు గని నోర్లు బంద్ చేయలే."

తిరుగు ప్రయాణంలో కోరుట్ల పొలిమేరలో చెక్‌పోస్టు. బస్సు ఆపి, మమ్మల్ని దింపి మా మూట విప్పించారు. అక్క అన్ని రంగులూ కలిపి కొన్నది. తనిఖీ అధికారి ఒక్కో ముక్కా తీసి, ఇది ఫలానా పార్టీ రంగు, ఇది ఇంకో పార్టీ రంగు అన్నాడు. బిల్లు అడిగాడు, లేదు.

"అన్ని పార్టీలకు మేమే పంచుతున్నమా సారూ?" అన్నది అక్క.

"తెల్లయి కొనుక్కోవచ్చు గదమ్మా."

"ముత్తైదువలకు తెల్లయి పెడ్తరా? మీ ఇంట్ల పెడ్తరా?"

పక్కనున్న మహిళా కానిస్టేబుల్ నవ్వింది. అక్క అలవాటు కొద్దీ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, "నువ్వు గూడ ముత్తైదువవే బిడ్డ" అంటూ ఆమెకు బొట్టు పెట్టి ఒక ముక్క చేతిలో పెట్టింది.

"ఇగో, నా ముందటనే పంచుతున్నవ్" అన్నాడు అధికారి. మూట అక్కడే ఆగిపోయింది. పోలింగ్ అయ్యాక వచ్చి తీసుకోమన్నారు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

నడిచి ఇల్లు చేరేసరికి అక్క కోడలు పళ్లెంలో కొత్త జాకెట్ ముక్క చూపించింది. "ఎవరో ఆడోళ్లు బొట్టు పెట్టి ఇచ్చిపోయిండ్రు. పేరు చెప్పలే, గుర్తు చెప్పిండ్రు. వాడకట్టంతకు ఇచ్చిండ్రు."

అక్క దాన్ని తీసి దాచింది. సాయంత్రం బిడ్డ ఒడిలో బియ్యంతోపాటు ఆ ముక్కే పెట్టింది. వచ్చినవాళ్లకు బొట్టూ, అరటిపండ్లే.

మైకులు కట్టేసిన రోజున ప్రచారం చెప్పులు విడిచి ఇంట్లోకే వచ్చింది. దాన్ని ఏ చెక్‌పోస్టూ ఆపలేదు. ఆపింది మా మూటనే. మీరు కూడా ఇలాంటి రోజున సిరిసిల్ల నుంచి బట్టలు తెచ్చుకోవాల్సివస్తే బిల్లు తప్పకుండా రాయించుకోండి. దారిలో ఎవరికీ బొట్టు పెట్టకండి.